కరెంటు, గ్యాస్ బిల్లులు తగ్గాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: ఇంట్లో నలుగురు, ఏడాదిగా కరెంటు బిల్లూ గ్యాస్ ఖర్చూ రెండూ పెరుగుతూ పోతున్నాయి. అక్కర్లేని లైట్లు ఆపుతున్నారు, ఛార్జర్లు పీకేస్తున్నారు, అయినా తేడా లేదు. పాత ఫ్యాన్లు మార్చాలా, ఇండక్షన్ స్టవ్ కొనాలా, ప్లగ్గులో పెట్టే "పవర్ సేవర్" నిజంగా పనిచేస్తుందా అని అడిగారు.

సూటిగా చెప్తున్నా: ఇప్పుడే ఏమీ కొనకండి. ఒక వారం కొలవండి. ఇంట్లో యూనిట్లు తినేవి మూడే రకాలు. వేడిచేసేవి, చల్లబరిచేవి, గంటల తరబడి ఆగకుండా తిరిగేవి. మీరు ఆపుతున్న లైట్లు, ఛార్జర్లు ఈ మూడింట్లో దేనిలోకీ రావు, అందుకే పడ్డ కష్టం బిల్లులో కనబడలేదు. పవర్ సేవర్ అయితే శుద్ధ దండగ, కారణం కింద రాశాను.

ఛార్జర్ సంగతి ఒక్కసారి లెక్కేసి వదిలేద్దాం. ఫోన్ తగిలించకుండా ప్లగ్గులో వదిలేసిన మామూలు ఛార్జర్ 0.3 వాట్ల లోపే లాగుతుంది. నెలంతా అలాగే ఉన్నా 0.2 యూనిట్. 2000 వాట్ల గీజర్ ఆరు నిమిషాలు వెలిగితే ఆ 0.2 యూనిట్ అయిపోయింది. ఛార్జర్ల వెంట పడటం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

ముందు బిల్లులో డబ్బు కాదు, యూనిట్లు చూడండి. గత ఏడాది బిల్లులన్నీ ముందేసుకుని ఒక్కోదానిలో యూనిట్లను ఆ బిల్లు రోజులతో భాగించండి. రీడింగ్ తీసే తేదీ అటూ ఇటూ అయితే ఒక బిల్లు 28 రోజులకు, ఇంకోటి 35 రోజులకు వస్తుంది. స్లాబు పద్ధతి ఉన్నచోట ఆ వారం తేడాకే పై స్లాబులోకి ఎక్కి, వాడకం మారకపోయినా బిల్లు ఎగిరిపడుతుంది. రోజువారీ యూనిట్లు పెరగకుండా డబ్బే పెరిగితే కారణం రేటు, స్థిర ఛార్జీ, పాత బకాయి, లేదా రీడింగ్ తీయకుండా అంచనాతో వేసిన బిల్లు. అది ఇంట్లో వెతికితే దొరకదు. బిల్లు మీదున్న రీడింగ్‌నూ మీటరు మీదున్న అంకెనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. స్థిర ఛార్జీ కనెక్షన్ లోడును బట్టి వేసే చోట, మీకు అక్కర్లేనంత లోడు రాసి ఉంటే తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

యూనిట్లు నిజంగానే పెరిగాయని తేలితే అప్పుడు మీటరు దగ్గరికి వెళ్లాలి.

ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మినుకుమంటుంటుంది. పక్కనే "3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్" అనో 1600 అనో 1000 అనో రాసి ఉంటుంది. అంటే ఒక యూనిట్ కాలడానికి ఆ లైటు అన్నిసార్లు వెలగాలి. రెండు వెలుగుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. 36,00,000ను ఆ ఇంప్ సంఖ్యతో, తర్వాత సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వస్తుంది. 3200 మీటరు మీద పది సెకన్లకోసారి వెలిగితే సుమారు 112 వాట్లు. రెండు సెకన్లకోసారైతే 562. ఒకే వెలుగు మీద ఆధారపడకండి. పది వెలుగులకు పట్టిన సమయాన్ని పదితో భాగిస్తే లెక్క నికరంగా ఉంటుంది.

ఈ కొలత రెండుసార్లు తీయండి.

మొదటిది రాత్రి అందరూ పడుకున్నాక. ఫ్యాన్లు, ఏసీ ఆపి, ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి ఉన్న సమయం చూసి కొలవండి. మీరు ఏమీ వాడకపోయినా ఇల్లు తనంతట తాను తింటున్నది ఇదే. 100 వాట్లు కనబడితే చిన్న అంకెలే అనిపిస్తుంది గానీ 24 గంటలకు 2.4 యూనిట్లు, 30 రోజులకు 72. ఇందులో సెట్‌టాప్ బాక్సు (రిమోట్‌తో ఆపినా చాలా బాక్సులు 8 నుంచి 15 వాట్లు లాగుతూనే ఉంటాయి), రౌటర్, కెమెరాల రికార్డరు, బ్యాకప్ ఇన్వర్టరు ఉంటాయి. పది వాట్లు నెలంతా నడిస్తే 7 యూనిట్లు. ఇన్వర్టరు బ్యాటరీ ముసలిదైతే ఎంతసేపు ఛార్జి చేసినా నిండదు. చార్జరు ఆగదు, బ్యాటరీ వేడెక్కుతుంది, డిస్టిల్డ్ వాటరు తొందరగా తగ్గిపోతుంది. తరచూ నీళ్లు పోయాల్సి వస్తున్న బ్యాటరీ బిల్లులోనూ కనబడుతోందన్నమాటే.

రెండోది, పంపిణీ పెట్టెలో ఎంసీబీలు (ఒక్కో లైనుకు ఉండే చిన్న స్విచ్‌లు) ఒక్కొక్కటే దించుతూ కొలవడం. ఏది దించినప్పుడు వెలుగుల మధ్య సమయం ఒక్కసారిగా పెరిగిందో దొంగ ఆ లైనులో ఉన్నాడు. అన్నీ దించాక లైటు వెలగకూడదు. అప్పుడూ వెలుగుతుంటే మీటరుకూ మీ పెట్టెకూ మధ్య ఎవరో లైను తీసుకున్నారు, లేదా వైరు ఎక్కడో భూమికి తగులుతోంది. రెండు పోర్షన్ల ఇళ్లలో న్యూట్రల్ వైర్లు కలిసిపోవడం మామూలే. కొన్ని మీటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండింటిలో కరెంటును కొలిచి ఏది ఎక్కువైతే దాన్ని లెక్కేస్తాయి. అలాంటి మీటరు ఉంటే పక్కవాళ్ల వాడకం కొంత మీ మీద పడుతుంది. ఇది విప్పి చూసే పని మీది కాదు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ది.

లీకేజీని తేలిగ్గా తీసుకోకండి. 230 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ భూమిలోకి పోతుంటే 230 వాట్లు, రోజుకు అయిదున్నర యూనిట్లు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉన్న ఇంట్లో అలా జరగదు, వెంటనే ట్రిప్ అవుతుంది. అది లేని ఇంట్లో, లేదా "మాటిమాటికీ ట్రిప్ అవుతోంది" అని బైపాస్ చేసిన ఇంట్లో, బిల్లు పెరగడం చిన్న సంగతి, షాక్ కొట్టడం అసలు సంగతి.

ఇక ఒక్కో వస్తువు. ప్లగ్గులో పెట్టి కొలిచే చిన్న ఎనర్జీ మీటరు దొరికితే అరువు తెచ్చుకోండి, లేకపోతే కొలిచే ముందు కొనదగ్గ వస్తువు ఇదొక్కటే.

నీళ్లు కాచుకోవడం. చాలా ఇళ్లలో కనబడని పెద్ద ఖర్చు ఇక్కడుంటుంది. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 1.16 వాట్-అవర్ కావాలి, ఇందులో ఏ కంపెనీ గీజరూ తగ్గించేది లేదు. 15 లీటర్ల ట్యాంకును 25 డిగ్రీల నుంచి 60కి తెస్తే 0.6 యూనిట్. బకెట్ స్నానానికి 40 డిగ్రీల నీళ్లు 20 లీటర్లు అనుకుంటే 0.35 యూనిట్. నిమిషానికి 8 లీటర్లు పడే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 80 లీటర్లు, అంటే 1.4 యూనిట్లు. నలుగురున్న ఇంట్లో ఈ తేడాను 30తో గుణించి చూడండి, నెలకు 120 యూనిట్లు దాటుతుంది. షవర్ మానమనట్లేదు. నిమిషానికి 5 లేదా 6 లీటర్లే వదిలే షవర్ తల పెట్టుకుని, సబ్బు రుద్దుకునేటప్పుడు కట్టేస్తే సగం మిగులుతుంది.

గీజర్ స్విచ్ రోజంతా వేసి ఉంచడం రెండో తప్పు. నీళ్లు వాడకపోయినా ట్యాంకు గోడల్లోంచి వేడి పోతూనే ఉంటుంది, థర్మోస్టాట్ మళ్లీ వెలిగిస్తూనే ఉంటుంది. ట్యాంకు సైజునూ ఇన్సులేషన్‌నూ బట్టి రోజుకు అర యూనిట్ నుంచి ఒకటిన్నర దాకా ఇలా ఆవిరవుతుంది. చిన్న ట్యాంకైతే స్నానానికి ఇరవై నిమిషాల ముందు వేసి, పనవగానే ఆపేయండి. అందరూ వరసగా స్నానాలు చేస్తే ఇంకా మంచిది. థర్మోస్టాట్ తగ్గించేటప్పుడు ఒక జాగ్రత్త: రోజంతా వెచ్చగా నిలవుండే పెద్ద ట్యాంకును 60 డిగ్రీల కంటే కింద పెట్టకండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ నీటిలో లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. వాడే ముందు వేడిచేసి వెంటనే ఖాళీ చేసే చిన్న ట్యాంకును 50 దగ్గర పెట్టుకోవచ్చు.

గీజర్‌లో ఉప్పు పేరుకుంటే కరెంటు విపరీతంగా కాలుతుందని అందరూ అంటారు. ఇది సగమే నిజం. ఎలిమెంటు నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి వేడి ఆలస్యంగానైనా నీళ్లలోకే పోతుంది. పెద్దగా వృథా ఉండదు. పొర మందమైతే ఎలిమెంటు లోపల మరీ వేడెక్కి కాలిపోతుంది, థర్మోస్టాట్ తప్పుగా పసిగడుతుంది, అదీ నష్టం. గ్యాస్ గీజర్‌లో మాత్రం కథ వేరు. అక్కడ రాగి గొట్టాల లోపల ఉప్పు పట్టినా, బయట రెక్కల్లో మసి పట్టినా వేడి నీళ్లలోకి దిగకుండా పొగగొట్టంలోంచి పోతుంది, గ్యాస్ ఖర్చు నిజంగానే పెరుగుతుంది. గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు ఇంకొకటి కచ్చితంగా చూడాలి: అది తలుపు మూసిన బాత్రూమ్ లోపల ఉండకూడదు. గాలాడని చోట గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు. బిల్లు ఆదా కోసం కిటికీకి అట్ట అడ్డం పెట్టే ఆలోచన పొరపాటున కూడా వద్దు.

బట్టల మిషన్ ఖర్చు కూడా నీళ్ల ఖర్చే. హీటరున్న మిషన్‌లో మోటారు తినేది కొంచెం, నీళ్లు కాచేది ఎక్కువ. 60 డిగ్రీల ప్రోగ్రాం బదులు 30 పెడితే ఒక ఉతుకుకు కాలే కరెంటు సగానికి పైనే తగ్గుతుంది. డ్రయ్యర్ వాడేవాళ్లు స్పిన్ వేగం పెంచుకోవాలి. నీటిని పిండి తీయడం, ఆవిరి చేసి తీయడం కన్నా ఎన్నో రెట్లు చవక.

ఫ్రిజ్. మంచి స్థితిలో ఉన్న ఇంటి ఫ్రిజ్ సైజును బట్టి రోజుకు అర నుంచి ఒకటిన్నర యూనిట్ తింటుంది. కొలిస్తే పూర్తిగా 24 గంటలు కొలవండి. గంట కొలిచి 24తో గుణిస్తే మధ్యలో వచ్చే డీఫ్రాస్ట్ హీటరు లెక్కలోకి రాదు. రెండు యూనిట్లు దాటితే లోపం ఉన్నట్టే. ముందు తలుపు రబ్బరు చూడండి. ఒక కాగితాన్ని తలుపుకూ ఫ్రేముకూ మధ్య పెట్టి మూసి లాగండి. గట్టిగా పట్టుకోవాలి. నాలుగు వైపులా, ముఖ్యంగా మడతబందుల వైపు కింది మూలలో చూడండి, ముందు అక్కడే వదులవుతుంది. రబ్బరు మడతల్లో పేరుకున్న జిడ్డును సబ్బునీళ్లతో కడిగితేనే చాలాసార్లు బాగవుతుంది. గట్టిపడిపోయి ఉంటే వేడినీళ్లలో తడిపిన గుడ్డతో ఒత్తి చూడండి, అప్పటికీ పట్టకపోతే రబ్బరు మాత్రమే మార్చవచ్చు, ఫ్రిజ్ మార్చక్కర్లేదు.

తర్వాత వెనకున్న నల్లటి కాయిల్, కంప్రెసర్ చుట్టూ దుమ్ము. గోడకు ఆనించి పెడితే వేడి పోవడానికి దారి ఉండదు, జానెడు కాకపోయినా నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. స్టవ్ పక్కన, ఎండ పడేచోట పెట్టకండి. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 సరిపోతుంది. నాబ్ మీదున్న 1 నుంచి 7 అంకెలు డిగ్రీలు కావు, పెద్ద అంకె పెడితే ఎక్కువ చలి, ఎక్కువ కరెంటు. చిన్న థర్మామీటరును గ్లాసు నీళ్లలో పెట్టి లోపల రాత్రంతా ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది. చేత్తో కరిగించాల్సిన రకం ఫ్రిజ్ అయితే మంచు అర సెంటీమీటరు దాటకముందే కరిగించేయాలి. కొత్తది కొన్నాక పాత ఫ్రిజ్‌ను మూలన పెట్టి నాలుగు సీసాల కోసం నడిపే ఇళ్లు చాలానే ఉన్నాయి. దాన్ని ఆపేస్తే ఆ నెలే తేడా తెలుస్తుంది.

ఏసీ. నాలుగు మాటలు చెప్తే మిగతావన్నీ వాటిలోనే ఉంటాయి. డిగ్రీ పెంచితే సుమారు 5 నుంచి 6 శాతం ఆదా. 20 పెడితే గది తొందరగా చల్లబడుతుందనుకోవడం భ్రమ. మామూలు ఏసీ 20 పెట్టినా 26 పెట్టినా ఒకే బలంతో తోస్తుంది, 20 దాకా ఆగకుండా తోస్తుంది, అంతే. 26 పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా వేసుకుంటే ఒంటికి 24 లాగానే ఉంటుంది. ఫిల్టరు వాడకం ఉన్న రోజుల్లో రెండు వారాలకోసారి కడగాలి.

రెండోది, ఏసీలో గ్యాస్ అయిపోదు, కారిపోతుంది. అది పెట్రోలు కాదు ఖర్చవడానికి, మూసిన గొట్టాల్లో తిరిగేది. ఏటా "గ్యాస్ పట్టాలి" అని ఎవరైనా అంటే లీకు ఎక్కడో వెతికి మూయమనండి. గ్యాస్ తగ్గిన ఏసీ గుర్తులు: లోపలి కాయిల్ మీద ఒక మూల మాత్రమే మంచు కట్టడం, బయట యూనిట్ దగ్గరి సన్న గొట్టం మీద మంచు, గది చల్లబడక కంప్రెసర్ ఆగకుండా నడవడం. అలా నడిచే ఏసీ సగం చల్లదనానికి దాదాపు పూర్తి కరెంటు తింటుంది.

మూడోది బయట యూనిట్. అది వదిలే వేడిగాలి మళ్లీ అదే పీల్చుకునేలా మూసిన బాల్కనీలో, గ్రిల్లు లోపల బిగిస్తే ఎన్ని స్టార్లున్నా ఉపయోగం లేదు. నాలుగోది ఎండ. కిటికీ అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండను లోపలి కర్టెన్ పూర్తిగా ఆపలేదు, వేడి అప్పటికే గదిలో ఉంది. బయట వైపు చాపో, షేడో కట్టి అద్దానికి తగలకుండా ఆపాలి. పై అంతస్తువాళ్లకు కప్పు మీద తెల్లటి కూల్ పెయింట్ కూడా అంతే అవసరం. ఏసీ మార్చే ముందు ఈ పని చేయండి, లేకపోతే కొత్త ఏసీ కూడా ఆ ఎండనే మోస్తుంది.

ఫ్యాన్లు మార్చాలా అన్నారు. పాత సీలింగ్ ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారుది) 28 నుంచి 35. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. రోజుకు రెండు గంటలు తిరిగే అతిథుల గది ఫ్యాన్ మారిస్తే మూడు యూనిట్లు కూడా రావు. అందుకే అన్నీ ఒకేసారి మార్చకండి, పడకగదివీ హాలుదీ మార్చి ఆగండి. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటరు ఇంకా ఉంటే అది తగ్గించిన వేగాన్ని వేడిగా పారబోస్తోంది, ఎలక్ట్రానిక్‌ది పెట్టించండి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు మాత్రం గోడ రెగ్యులేటరు తీసేసి నేరుగా లైను ఇవ్వాలి, లేకపోతే దాని సర్క్యూట్ పాడవుతుంది.

నీళ్ల మోటారు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్ల బలం, లైను నుంచి లాగేది మాత్రం వెయ్యి వాట్లకు అటూ ఇటూ. ఖాళీ ట్యాంకు నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో రాసి పెట్టుకోండి. 20 నిమిషాల్లో నిండే ట్యాంకు 35 తీసుకుంటోందంటే ఫుట్ వాల్వ్ కారుతోందో, పీల్చే గొట్టంలోకి గాలి దూరుతోందో, ఇంపెల్లర్ అరిగిందో అయి ఉంటుంది. ప్రెషర్ పంపు ఉన్న ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పకుండా రాత్రిపూట పంపు టక్కున మోగిందంటే ఎక్కడో కారుతోంది, ఎక్కువగా అది టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు. అందులో కొంచెం రంగు కలిపి అరగంట వాడకుండా ఉంచండి, కింద టాయిలెట్ బేసిన్‌లో రంగు కనబడితే వాషరు పోయినట్టే.

ఇప్పుడు పవర్ సేవర్. విప్పి చూస్తే ఒక కెపాసిటరు, ఒక చిన్న లైటు ఉంటాయి. కెపాసిటరు పవర్ ఫ్యాక్టర్‌ను (లైనులో పారే కరెంటులో ఎంత భాగం నిజంగా పనికొస్తుందో చెప్పే అంకెను) సరిచేస్తుంది, వైర్లలో ఆంపియర్లు కొంచెం తగ్గుతాయి, అమ్మేవాళ్లు క్లాంప్ మీటరు పెట్టి చూపించేది అదే. కానీ ఇంటి మీటరు లెక్కేసేది ఆంపియర్లు కాదు, అసలు శక్తిని, అంటే కిలోవాట్-అవర్లను. అది ఒక్క పిసరు కూడా మారదు. మీ దగ్గర బిల్లు కేవీఏహెచ్‌లలో (వోల్టులనూ ఆంపియర్లనూ గుణించి వేసే లెక్కలో) వేస్తుంటే మాత్రం పవర్ ఫ్యాక్టర్‌కు విలువ ఉంటుంది. అప్పుడైనా మోటారుకు తగిన కెపాసిటరు లెక్కగట్టి పెట్టాలి గానీ ప్లగ్గులో డబ్బా కాదు.

గ్యాస్. ఇక్కడ కూడా కొలతే ముందు. సిలిండరైతే పెట్టిన తేదీ రాయండి, వీలైతే తూకం వేయండి, ఖాళీ బరువు సిలిండరు మీదే చెక్కి ఉంటుంది. పైపు గ్యాస్ అయితే రాత్రి స్టవ్, గీజర్ అన్నీ ఆపి మీటరు చివరి ఎర్ర అంకెలు ఫోటో తీసి, పొద్దున వాడకముందే మళ్లీ చూడండి. ఒక్క అంకె కదిలినా లీకే. రబ్బరు గొట్టం, రెగ్యులేటరు, నాబుల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడాలి, అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకూడదు. వాసన వస్తే సిలిండరు లేదా వాల్వ్ కట్టేసి, స్విచ్‌లు ముట్టకుండా తలుపులు తెరిచి, బయటికి వెళ్లాక ఫోన్ చేయండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుని ఉంటుంది.

లీకు లేకపోతే మంట చూడండి. నీలంగా, బర్నరుకు అంటుకుని, గట్టిగా నిలబడాలి. పసుపు కొసలు వస్తూ గిన్నె అడుగు నల్లబడుతుంటే గాలి చాలట్లేదు. బర్నరు మూత తీసి, రంధ్రాలను సన్న తీగ బ్రష్‌తో శుభ్రం చేసి, కడిగి, బాగా ఆరాక సరిగ్గా కూర్చోబెట్టండి. మూత వంకరగా కూర్చున్నా ఒక పక్క పసుపు మంట వస్తుంది. కింద గొట్టం దగ్గర గాలి కంత ఉంటుంది, అక్కడ సాలెగూడో జిడ్డో అడ్డుపడుతుంది. మంట బర్నరు వదిలి పైకి ఎగురుతూ బుస్సుమంటుంటే గాలి ఎక్కువైంది. జెట్ (బర్నరులోకి గ్యాస్ చిమ్మే చిన్న ముక్కు) రంధ్రంలో సూదిపెట్టి పొడవకండి. వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ ఎప్పటికీ ఎక్కువే పోతుంది. సిలిండరు నుంచి పైపు గ్యాస్‌కు మారినప్పుడు జెట్లు తప్పక మార్చాలి. పైపు గ్యాస్‌కు రంధ్రం పెద్దది, సిలిండరుకు చిన్నది. పెద్ద జెట్టుతో సిలిండరు పెడితే పొడవాటి పసుపు మంట, మసి, ఖర్చు.

వంట తీరులో రెండే పెద్ద ఆదాలు. మంట గిన్నె అంచు దాటి పక్కలకు ఎగబాకకూడదు, ఎగబాకేదంతా వంటగదిని వేడిచేయడానికే. రెండు, నీళ్లు మరగడం మొదలయ్యాక మంట తగ్గించి మూత పెట్టాలి. తెర్లినా కుతకుతమన్నా నీటి వేడి 100 డిగ్రీలే, పెద్ద మంటతో వంట తొందరగా కాదు, ఆవిరే ఎక్కువ పోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి నిజంగానే సమయం తగ్గుతుంది. అందులోనూ విజిల్ వచ్చాక సిమ్‌లో పెట్టాలి.

ఇండక్షన్ కొనాలా? ఊహలొద్దు, ఈ లెక్క వేసుకోండి. కిలో ఎల్‌పీజీలో సుమారు 12.8 కిలోవాట్-అవర్ల వేడి ఉంటుంది. స్టవ్ మీద 55 శాతం గిన్నెకు చేరుతుందనుకుంటే 7. ఇండక్షన్ మీద 85 శాతం చేరుతుంది, కాబట్టి అదే 7 కోసం సుమారు 8 యూనిట్లు కాలాలి. అంటే కిలో గ్యాస్ ధర 8 యూనిట్ల ధర కన్నా ఎక్కువైతే ఇండక్షన్ చవక, తక్కువైతే గ్యాసే చవక. పైపు గ్యాస్‌కు ఘనపు మీటరుకు సుమారు 7 యూనిట్లు అని పెట్టుకోండి. యూనిట్ ధర అంటే సగటు కాదు, మీరు చేరుకున్న ఆఖరి స్లాబు ధర. కొత్తగా కలిసే యూనిట్లన్నీ అక్కడే పడతాయి. స్లాబు అంచున ఉన్న ఇల్లు ఇండక్షన్ వల్ల పై మెట్టు ఎక్కితే గ్యాస్‌లో మిగిలింది కరెంటులో పోతుంది. గిన్నె అడుగు చదునుగా ఉండి అయస్కాంతం అంటుకోవాలి. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు, ఫ్యాన్ల కోసం వేసిన చిన్న సాకెట్‌లో పెట్టకండి. వాడాక ప్లగ్ ముట్టుకుంటే వేడిగా తగిలిందంటే సాకెట్ వదులైంది, మార్పించండి.

చలి దేశాల్లో గ్యాస్ బాయిలర్‌తో ఇల్లు వేడి చేసుకునేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక ముక్క. కండెన్సింగ్ బాయిలర్ తన పేరుకు తగ్గట్టు పనిచేయాలంటే రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల లోపు ఉండాలి. అప్పుడే పొగలోని ఆవిరి నీరై ఆ వేడి వెనక్కి దొరుకుతుంది. బిగించినవాళ్లు 75 లేదా 80 మీద వదిలేసి వెళ్తారు. రేడియేటర్లకు పోయే నీటి వేడిని 60కి తగ్గించి, గది సరిపడా వెచ్చబడుతుందో లేదో చూసుకుంటూ సర్దుకోండి. ట్యాంకు నీటి సెట్టింగు వేరే ఉంటుంది, దాన్ని తగ్గించకండి. తలుపుల కింద, కిటికీ సందుల్లో గాలి దూరే చోట్లు మూయండి గానీ గ్యాస్ మండే గదిలోని వెంటిలేటరు జోలికి పోకండి.

చివరిగా, అన్నీ చూశాక కూడా యూనిట్లు లెక్కకు రాకపోతే మీటరును అనుమానించవచ్చు. ముందు ఇంట్లోనే సరిచూడండి. మిగతావన్నీ ఆపి, వెయ్యి వాట్ల నీళ్లు కాచే రాడ్ ఒక్కటే బకెట్‌లో పెట్టి ఆరు నిమిషాలు నడపండి (నడుస్తుండగా నీళ్లు ముట్టకండి). 0.1 యూనిట్ కాలాలి, 3200 మీటరు మీద 320 వెలుగులు. ఇస్త్రీ పెట్టెతో ఈ పరీక్ష చేయకండి, అది మధ్యమధ్యలో ఆగుతుంది. వచ్చిన అంకె కొంచెం అటూ ఇటూ ఉంటే మీటరు తప్పని అనేయకండి. రాడ్ వాట్లు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారతాయి. 230కి వెయ్యి వాట్లున్న రాడ్ 220 దగ్గర 915, 200 దగ్గర 756 మాత్రమే లాగుతుంది. తక్కువ వోల్టేజీ రోజున 250 వెలుగులు వచ్చినా మీటరు సరిగ్గా ఉన్నట్టే. 400 వెలుగులు వస్తే మాత్రం వోల్టేజీ కొలిచి, అది మామూలుగానే ఉంటే మీటరు పరీక్షకు రాసివ్వండి. పాత మీటరుతో వరసలో ఇంకో చెక్ మీటరు పెట్టి కొన్నాళ్లు రెండింటి రీడింగులూ పోల్చమని అడగండి. దరఖాస్తులో "బిల్లు ఎక్కువొస్తోంది" అని కాకుండా, ఏ తేదీన, ఎంత వోల్టేజీ దగ్గర, ఎన్ని వాట్ల రాడ్‌తో, ఎన్ని నిమిషాలకు ఎన్ని వెలుగులు వచ్చాయో రాసి, ఫోటోలు జతచేయండి.